ఎనభై వేల కళ్లు పడిన పొట్టేలు

కొల్లప్పను నీకెన్ని గొర్రెలున్నాయని అడిగితే "ఉండాయప్పా, కొన్ని" అంటాడు. యాభై ఏళ్లుగా ఇదే జవాబు. పశువుల లెక్క రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికీ ఇదే చెప్పాడు. "కొన్ని అని రాసేందుకు కాగితంలో గడి లేదు సార్" అని ఆయన నా దగ్గరకొచ్చి మొరపెట్టుకుంటే, నేనే మంద దగ్గర నిలబడి ఒక్కొక్క దానికీ వేలు చూపించి, గట్టిగా లెక్క చదివి రాయించాను. ఆ వారంలోనే రెండు గొర్రెలు చచ్చాయి. నా నోటి వల్లనే చచ్చాయని కొల్లప్ప భార్య వెంకటక్క ఇప్పటికీ అంటుంది. మంద లెక్క పైకి చెబితే దిష్టి తగులుతుందని గొర్రెలు కాసేవాళ్ల నమ్మకం. నాకు అప్పట్లో అలాంటి నమ్మకాలు లేవు.

నేనెవరో ముందు చెప్పుకోవాలి. నా పేరు హనుమంతరాయప్ప. మాది సరిహద్దుకు కన్నడ దిక్కున, పావగడ తాలూకా తిరుమణి పక్క ఊరు. మా ఊరి బడిలో పదకొండు మందిమి ఏడో తరగతి పరీక్షకు కూర్చుంటే ఫస్టు క్లాసులో పాసైంది నేనొక్కడినే. బడిలో చెప్పింది కన్నడం. తెలుగు అక్షరాలు మా నాయన నాటకాల నోటుబుక్కులు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. రెండుసార్లు పంచాయతీ మెంబరుగా గెలిచాను. పావగడ నుంచి మా ఊరికి బస్సు వేయించింది నేను. నా పొలంలో పద్నాలుగు బోర్లు వేస్తే తొమ్మిదింట్లో నీళ్లు పడ్డాయి. ఈ సీమలో అది చిన్న విషయం కాదని చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. సోలార్ పార్కుకు భూములు కౌలుకిచ్చినప్పుడు కాగితం మీద మొదటి సంతకం నాది. ఇవన్నీ గొప్పకు చెప్పుకోవడం లేదని కొందరు పెద్దలు రాస్తుంటారు. నేను గొప్పకే చెబుతున్నాను. ఎందుకంటే కొల్లప్ప కథలో నేను చేసిన పనికి ఈ గొప్పలేవీ అడ్డు రాలేదు.

కొల్లప్ప, నేను ఒకే ఏడు పుట్టాం. మూడో తరగతి వరకు ఒకే పలక మీద రాశాం, ఎందుకంటే రెండో పలక కొనడానికి వాళ్ల నాయనకు మనసొప్పలేదు. ఒకరోజు వాళ్ల మందలో తోడేలు పడింది. మర్నాటి నుంచి కొల్లప్ప బడికి రాలేదు. గొర్రెల వెనక పోయినవాడు అట్లే పోయాడు. ఎండాకాలం వస్తే మడకశిర, కళ్యాణదుర్గం దాకా మందను తోలుకెళ్లి, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. దారిలో ఎవరి పొలంలో మంద నిలిపితే వాళ్లకు ఎరువు, ఇతనికి రాగులు. అట్లా నాలుగు దిక్కులా ఏ పల్లెలో అడుగు పెట్టినా "రాప్పా కొల్లన్నా" అని మంచం వాల్చేవాళ్లే. నేను ఓట్లడగడానికి పోయినప్పుడు కూడా ఇంతమంది మంచాలు వాల్చలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

సోలార్ పార్కుతో మాకు కౌలు డబ్బు వచ్చింది. కొల్లప్పకు భూమి లేదు కాబట్టి కౌలూ లేదు. అతను మేపుకునే బీళ్లన్నీ కంచె లోపలికి పోయాయి. ఆ సోలార్ పలకలు కడిగే నీళ్లు కింద కారి, పలకల నీడలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. మా ఊళ్లో అంత పచ్చటి గడ్డి నా జన్మలో చూడలేదు. కొల్లప్ప మంద కంచెకు ఇవతల నిలబడి దాన్ని చూస్తూ ఉండేది. అతనూ చూస్తూ ఉండేవాడు.

"ఏందప్పా కొల్లప్పా, సినిమా చూసినట్ల చూస్తాండావు?" అని అడిగితే, "టికెట్ లేదు కదప్పా, బయటనుంచే చూస్తాండా" అన్నాడు.

పోయిన ఏడాది కార్తీకంలో అక్కడి కంపెనీల్లో ఒక కంపెనీ ఆ గడ్డి కోయించడానికి మిషన్లకు డీజిలు పోసి పోసి విసిగిపోయింది. గొర్రెలతో మేపిస్తే సరిపోతుందని వాళ్లకు తట్టింది. మేకలు మాత్రం వద్దు, అవి పలకలెక్కి తిరుగుతాయి. అయితే ఎవరి గొర్రెలను లోపలికి వదలాలి? చుట్టుపక్కల మందలు చాలా ఉన్నాయి. ఒకరికిస్తే ఇంకొకరికి కోపం. అందుకని కంపెనీ తరఫున ఊళ్ల సంగతులు చూసే సింధుశ్రీ అనే అమ్మాయి ఒక ఉపాయం తెచ్చింది. కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో పొట్టేళ్ల పోటీ. ఎవరి పొట్టేలు ఫోటోకు జనం ఎక్కువ ఓట్లు వేస్తే వాళ్ల మంద ఏడాది పాటు కంచె లోపల మేయవచ్చు. గడువు పద్నాలుగు రోజులు. ఫోటో కింద ఒక గుర్తుంటుంది, దాన్ని నొక్కితే ఓటు.

కొల్లప్ప పొట్టేలు పేరు సావుకారి. నల్ల ఒళ్లు, తెల్ల నుదురు, రెండు చుట్లు తిరిగిన కొమ్ములు. నడకలో తొందర ఉండదు, పక్కవాటి మేత కూడా తనదే అన్నట్టు తింటుంది, అందుకే ఆ పేరు. మంద మొత్తం దాని వెనకే నడుస్తుంది.

ఫోటో నేనే తీయించాను. సావుకారికి షాంపూ పోసి తోమించి, కొమ్ములకు ఆముదం రాయించాను. ఓట్లు అడగడం మాత్రం కొల్లప్ప పద్ధతిలో జరిగింది. తనకు స్మార్ట్ ఫోను లేదు. కర్ర పట్టుకుని మంద నిలిపిన పల్లెలన్నీ తిరిగాడు. ఒక్కో ఇంటి ముందు నిలబడి, "మీ ఇంట్లో ఆ గీకే ఫోను ఎవరికుండాదప్పా? మా సావుకారికి ఒక తూరి నొక్కు" అని అడిగాడు. వాళ్లు నొక్కేదాకా అక్కడే నిలబడి, నొక్కినాక ఒక దండం పెట్టి కదిలేవాడు. వద్దంటున్నా వెంకటాపురం దాకా నడిచాడు, అక్కడ ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట మంద నిలిపిన రైతు మనవరాలి ఫోను కోసం.

మా ఇంట్లో ఆరు ఫోన్లున్నాయి. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, మనవడు, నేను. మేం వెంటనే వేయలేదు. ఆఖరి రోజు ఇంటిల్లిపాదీ వరుసగా నిలబడి, సింధుశ్రీ ముందర, ఫోటో తీయించుకుంటూ వేయాలని నా ఆలోచన. నేను మెంబరుగా ఉన్నప్పుడు ఏ మంచి పనైనా అట్లాగే చేసేవాడిని.

పదో రోజున కొల్లప్పకు రెండు వందల అరవై ఎనిమిది. అరసికెరె బొమ్మన్న పొట్టేలుకు రెండు వందల డెబ్బై ఐదు. మిగతావాళ్లెవరూ వంద దాటలేదు. ఏడు ఓట్లు తక్కువ! రెండుసార్లు గెలిచిన నేను వెనక నిలబడిన మనిషి ఏడు ఓట్ల తేడాతో ఓడిపోవడమా? నాకు అన్నం సహించలేదు. బస్సెక్కి పావగడ పోయి, బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ అర్జీలు చేసిపెట్టే అమరనాథ్ అంగడిలో కూర్చున్నాను.

"అమరా, ఏదన్నా దావ ఉండాదా?"

"ఉండాది తాతా. ఓట్లు అమ్ముతారు. దుడ్డు కడితే రేపు పొద్దునకంతా పడిపోతాయి."

"మనుషులను లారీల్లో తోలుకొస్తారే, అట్లనా?"

"మనుషులు యాడిది తాతా? అవి బాట్లు. కంప్యూటర్లో పుట్టించిన పేర్లు. పేరుంటాది, ఫోటో ఉంటాది, లోపల మనిషుండడు."

"మనిషి లేకుండా ఓటెట్ల పడతాదిరా?"

"నువ్వు నిలబడినప్పుడు సచ్చిపోయినోళ్లవి పడలేదా?"

ఆ విషయం వేరు. దాని గురించి ఇక్కడ రాయను.

"సరే, ఓ యాభై ఇప్పించు. చాలు."

"యాభై ఇయ్యరు తాతా. చిన్న ప్యాకెట్టే నలభై వేలు."

"నలభై వేలా! మన హోబళిలో ఊళ్లన్నీ కలిపినా అంత మంది లేరే!"

"కామెంట్లు కూడా వాటితోనే వస్తాయి, ఫ్రీ" అన్నాడు అమరనాథ్.

ఫ్రీ అనేసరికి నేను మెత్తబడ్డానని ఒప్పుకుంటాను. ఊరికి తిరిగొచ్చి, టీ కొట్టు దగ్గర ఇంకా ఓటు వేయని పాపన్నతో, ఇంకో నలుగురితో "ఇంక మీరు కష్టపడాల్సిన పన్లేదు, నేను చూసుకున్నా" అని చెప్పాను. ఇంట్లో వాళ్లకూ అదే చెప్పాను. నేను చూసుకున్నానంటే మా ఊళ్లో ఎవరూ రెండో మాట అడగరు.

తెల్లారి చూస్తే నలభై వేల రెండు వందల డెబ్బై రెండు. నా చిన్న కోడలు సవిత ఫోను పట్టుకుని కొల్లప్ప ఇంటికి పరిగెత్తింది, వెనకే నేను. ఓట్ల కింద కామెంట్లు వరదలా వచ్చి ఉన్నాయి. ఏ దేశపు భాషల్లోనివో. ఫోనే వాటిని తెలుగులోకి మార్చి చూపిస్తుంటే సవిత చదివింది.

"చాలా మంచి సరుకు. రెండు వారాలు వాడాను, జుట్టు రాలడం ఆగింది... గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, మళ్లీ వస్తాం... వధూవరులకు శుభాకాంక్షలు..."

కొల్లప్ప కర్ర మీద గడ్డం ఆనించి శ్రద్ధగా విన్నాడు.

"ఎవురికో జుట్టు రాలేది నిలిచిందంటనే. మన సావుకారి వల్లనా?"

"అభిమానంతో అట్ల రాస్తారు లేప్పా" అన్నాను.

"యా ఊరోళ్లు వీళ్లంతా? వీళ్లకాడ నేను ఎప్పుడూ మంద నిలపలేదే."

"దూరమోళ్లు."

"అంత దూరం నుంచి నొక్కినారంటే ఒగ మాట చెప్పొద్దూ? పేర్లు రాసియ్యప్పా, కుదిరితే పోయొస్తా" అన్నాడు. పోయొచ్చేవాడే, నాకు తెలుసు.

మూడు గంటల్లో ఈ సంగతి తాలూకా అంతా పాకింది. నలభై వేల ఓట్లు పడిన పొట్టేలును చూడాలని తిరుమణి నుంచి వచ్చారు, వెంకటమ్మనహళ్లి నుంచి వచ్చారు, సరిహద్దు దాటి మడకశిర నుంచి యూట్యూబు వాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ దోసెడు వేరుశనగ కాయలు తెచ్చి సావుకారి నోటి ముందు పెట్టి ఫోటో తీసుకున్నాడు. వేరుశనగ మాకు కొదవ లేదు, పొట్టేలు కాదనే రకం కాదు. బట్టతల ఆయన ఒకడు మధ్యాహ్నమంతా దాని పక్కనే కూర్చుని, సాయంత్రం వెళ్తూ వెళ్తూ దాని వీపు మీద ఒకసారి, తన తల మీద ఒకసారి చెయ్యి రాసుకుని పోయాడు.

రెండో రోజు సాయంత్రానికి సావుకారి మేత ముట్టలేదు. మూడో రోజు నెమరు వేయలేదు. కడుపు ఉబ్బి, తల గోడకు ఆనించి నిలబడింది. పావగడ నుంచి పశువుల డాక్టరును నేనే పిలిపించాను. ఆయన చెయ్యి పెట్టి చూసి, "ఏం మేపినారప్పా? కడుపునిండా శెనక్కాయలే. ఇంక ఒగ కాయ కూడా పెట్టొద్దండి, ఈ మందు మూడు పూటలు తాపండి" అని సీసా ఇచ్చి పోయాడు.

వెంకటక్క ఆ సీసాను గూట్లో పెట్టింది.

"శెనక్కాయలు కాదు, ఏం కాదు. దిష్టి. దిష్టి తీయకుండా మందేస్తే మందు ఎదురు తిరుగుతాది."

ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట్లో పెట్టుకుని సావుకారి చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దావన పోయేటోళ్ల దిష్టి" అంటూ పొయ్యిలో వేసింది. మిరపకాయలు మాడినా ఘాటు రాలేదు. మా ఇళ్లల్లో అందరికీ తెలిసిన లెక్కే, ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని అర్థం. నేను ఒకటికి రెండుసార్లు ముక్కు పెట్టి చూశాను. నిజంగానే రాలేదు.

"నలభై వేల మంది కండ్లు పడితే పిడికెడు మిరపకాయలు యాడ చాల్తాయి?" అన్నాడు కొల్లప్ప.

"నలభై వేలు యాడిదప్పా? మనిషికి రెండు కండ్లు. ఎనబై వేలు!" అంది వెంకటక్క.

నేను ఏడో తరగతి ఫస్టు క్లాసు. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

అప్పుడు ఆమె అసలు మందు చెప్పింది. చూసినవాళ్ల కాలి కింద మట్టి మూడు చిటికెలు తెచ్చి దిష్టి తీయాలి. ఇంటికి వచ్చి చూసినవాళ్లది ఆమె వాకిట్లోనే ఊడ్చి పెట్టుకుంది. ఆ నలభై వేల మందిది కావాలి.

మర్నాడు పొద్దున కొల్లప్ప మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాయప్పా, వాళ్లు నీకు తెలిసినోళ్లే కదా. జాబు రాయి. అందరిదీ వద్దు, ఒగ పదిమంది కాలి మట్టన్నా తెప్పీ. గడ్డి దొరక్కపోతే పోనీ, మళ్లా కళ్యాణదుర్గం దిక్కు తోలుకుపోతా. సావుకారి పోతే మంద నా మాట ఇనదప్పా. ఆ కొమ్ములెనక పోయేది తప్ప వాటికి ఇంకేం తెల్దు. నాకు మోకాళ్లు పోయినాయి, ఇంగొగదాన్ని తయారు చేసేంత ఆయుస్సు లేదు."

ఇంత మాట అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. "తెప్పిస్తాలేప్పా" అన్నాను. తర్వాత మా పెరట్లోకి పోయి మూడు చిటికెల మట్టి కాగితంలో కట్టి, దాని మీద పోస్టు స్టాంపు కూడా ఒకటి అంటించాను. తీరిగ్గా భోంచేసి, గంట ఆగి, తీసుకుపోయాను.

వెంకటక్క పొట్లం విప్పింది. వేలితో కదిపింది. వాసన చూసింది. నా వైపు చూసింది.

"అన్నా, ఇది యా దేశం మట్టి?"

"అదే... దూరం."

"ఆ దేశంలో కూడా ఆవు పేడుంటాదా?"

"ఉండదా మరి?"

"శెనక్కాయ పొట్టు?"

నేను పొట్లం మీది స్టాంపు చూపించాను. "పొద్దున్నే జాబు రాయమంటే మద్యాన్నానికే మట్టొచ్చింది. పెన్షన్ కాగితానికి ఆర్నెల్లు తిప్పే పోస్టు ఇంత తొందరగా నడిచిందా అన్నా?" అని ఆమె అంటుండగానే వీధిలో జీపు ఆగింది. సింధుశ్రీ దిగింది, చేతిలో పూలదండ, వెనక కెమెరా మనిషి. అది పద్నాలుగో రోజు. గడువు రెండు గంటలకు ముగిసిందట. జీపు వెనక ఊరు ఊరంతా వచ్చింది.

"కంగ్రాట్స్ కొల్లప్ప గారూ! మా హెడ్డాఫీసులో కూడా మీ పొట్టేలు గురించే మాటలు. ఏదీ, బయటకు తెండి, దండ వేద్దాం."

వెంకటక్క కొట్టం వాకిట్లో రెండు చేతులూ చాపి నిలబడింది.

"తేము తల్లీ. ఇంగొగ కన్ను పడితే నా బిడ్డ సచ్చిపోతాది. నీ గడ్డీ వద్దు, నీ దండా వద్దు. ఆ నలభై వేల మందినీ వాళ్ల ఓట్లు వాళ్లను తీసుకొమ్మను."

కొల్లప్ప కూడా భార్య పక్కన పోయి నిలబడ్డాడు. లోపల సావుకారి మూలిగింది. ఆ శబ్దం నాకింకా చెవుల్లో ఉంది.

నేను వేదికలెక్కి మాట్లాడినవాడిని. పలకల కంపెనీల పెద్దల ముందు కన్నడంలో ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చినవాడిని. ఆ రోజు నాకు దొరికింది ఒక్క వాక్యమే.

"వెంకటక్కా, సావుకారికి దిష్టి తగల్లేదు" అన్నాను.

"ఎనబై వేల కండ్లు..."

"కండ్లు లేవు."

"ఏంది?"

"ఆ నలభై వేల మందికి కండ్లు లేవు. కాళ్లు లేవు. వాళ్లు మనుషులే కాదు. మిషన్లో పుట్టించిన పేర్లు. నేనే దుడ్డిచ్చి కొన్నా. ఒగడు కూడా మన సావుకారిని చూడలేదు."

వెంకటక్క ఒక్కతే ముందుకొచ్చింది.

"ప్రమాణం చెయ్యి."

లోపలికి పోయి సావుకారి నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. జనం తలుపు దగ్గర గుంపు కట్టి చూశారు. ఆమె వెంటనే గూట్లో సీసా తీసి, నన్నే దవడలు పట్టుకోమని, మందు తాపింది. "కండ్లు లేవంట నాయనా, ఉత్త పేర్లంట, భయం లేదు" అని దాని చెవిలో చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ముందే చెప్పుంటే మూడు రోజులు పస్తుండేదా అన్నా ఈ బిడ్డ?" అంది.

బయట సింధుశ్రీ మొహంలో నవ్వు పోయింది. దండ జీపులో పెట్టేసింది. ఆఫీసుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. వచ్చి చెప్పింది, "దొంగ ఓట్లు కలిసినాయి కాబట్టి వీళ్ల ఓట్లన్నీ తీసేయమంటున్నారు. ఏవి అసలువో ఏవి కావో తేల్చేది ఎట్ల?"

అప్పుడు కొల్లప్ప మొదటిసారి గొంతెత్తాడు.

"నేను చెప్తా తల్లీ. నా ఓట్లు నాకు తెలుసు. రాసుకో."

మంచం మీద కూర్చుని మొదలుపెట్టాడు. మా ఊళ్లో పాపన్న కోడలు. ఆంజినప్ప, ఆంజినప్ప పెద్ద కొడుకు. తిరుమణిలో చిల్లరంగడి ఆయన, ఆయన తమ్ముడు, తమ్ముడు భార్య వేయలేదు, ఫోను రిపేరిలో ఉండింది. ఊరి వెంట ఊరు, దావ వెంట దావ, తను నడిచిన వరుసలోనే చెప్పాడు. ఎవరు ఎడమ చేత్తో నొక్కారో, ఎవరి ఫోనుకు అద్దం పగిలిందో కూడా చెప్పాడు. సింధుశ్రీ ఫోనులో ఒక్కొక్క పేరూ వెతికి చూసుకుంటూ రాసింది. గంటన్నర పట్టింది. ఒక్కటి తప్పు పోలేదు. మంద లెక్క నోటితో చెప్పని మనిషి, ఓట్ల లెక్కలో ఒక్క పేరు మరిచిపోలేదు. జనం మధ్యలో ఒకరిద్దరు తమ పేరు వచ్చినప్పుడు కాలరు సర్దుకున్నారు.

సింధుశ్రీ కూడి చూసింది. ఆఫీసుకు మళ్లీ ఫోను చేసింది. ఈసారి వాళ్లు ఒప్పుకున్నారు.

"అసలు ఓట్లు రెండు వందల ఎనభై ఎనిమిది. బొమ్మన్న గారివి రెండు వందల తొంభై ఒకటి."

"మూడే మూడా?" అన్నారెవరో.

ఆ అమ్మాయి నన్ను చూసి చాలా మర్యాదగానే అడిగింది. "సార్, మీ పేరు ఈ పట్టీలో రాలేదు. మీరు వెయ్యలేదా?"

మా కోడలు సవిత తల దించుకుంది. మనవడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఆరు ఫోన్లు. టీ కొట్టు దగ్గర నేను వద్దని చెప్పినవాళ్లవి ఇంకో ఐదు. పాపన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

"నువ్వు చూసుకున్నా అంటివి కదన్నా" అన్నాడు.

నలభై వేలు కొన్న తెలివికి పదకొండు పోయాయి. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

ఇంత జరిగినా కొల్లప్ప నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం సావుకారి నెమరు వేసింది. కాయలు పెట్టడం ఆగింది కాబట్టి అన్నాడు డాక్టరు. కండ్లు లేవని తెలిసింది కాబట్టి అంది వెంకటక్క. నాకు ఇద్దరి మాటా నమ్మబుద్ధి అయింది.

అరసికెరె బొమ్మన్న గొర్రెలు కంచె లోపలికి పోయాయి. మంచి మనిషి, పోయే ముందు వచ్చి కొల్లప్ప చేతులు పట్టుకుని పోయాడు. అయితే అతని మందలో సగం మేకలు. వాటిని లోపలికి రానివ్వలేదు. అవి రోజంతా కంచె బయట నిలబడి చేసే గోలకు కంపెనీ వాచ్‌మన్లు చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నారని విన్నాను.

సోలార్‌కు ఇవ్వకుండా నేను ఉంచుకున్నది బోరు పక్క మూడెకరాలు. పద్నాలుగో బోరు నీళ్లు దానికే. ఈ ఏడు వేరుశనగ పీకేశాక అందులో జొన్న చల్లించాను, మేతకు. తర్వాత కొల్లప్ప ఇంటికి పోయి, నా పొలంలో మంద నిలపమని అడిగాను. ఎండాకాలమంతా.

"ఎన్ని రాగులిస్తావు?" అన్నాడు.

"నువ్వడిగినన్ని."

"మామూలుగా ఎంతో అంతే ఇయ్యి. తప్పు చేసినానని పైన వేస్తే నేను రాను."

మామూలుగా ఎంతో అంతే ఇస్తున్నాను. కళ్యాణదుర్గం దాకా నడవాల్సిన మోకాళ్లు ఇప్పుడు మా గట్టు మీద చాపుకుని కూర్చుంటున్నాయి. సావుకారి ముందు నడుస్తుంది, మిగతావన్నీ వెనక. నా జొన్నలో నాకే దారి ఇవ్వదు. రెండుసార్లు నా తొడ మీద పొడిచింది. మూడోసారి పొడిచినప్పుడు వెంకటక్క, "దానికి జ్ఞాపకముండాదన్నా, మందు తాపినప్పుడు దవడలు పట్టుకున్నది నువ్వే కదా" అని నవ్వింది.

మొన్న పశువుల లెక్క రాసుకునే ఉద్యోగి మళ్లీ వచ్చాడు. కొత్తవాడు. నేరుగా నా దగ్గరకే వచ్చి, మీ పొలంలో ఉన్న మంద ఎంతో చెప్పండి సార్ అన్నాడు. పొద్దున పొలానికి పోయినప్పుడల్లా నేను వాటిని లెక్కపెడుతూనే ఉంటాను, అది నా అలవాటు, చదువుకున్నవాడిని. కిందటి వారం ఒక గొర్రె ఈనింది కూడా, ఆ పిల్లనూ కలిపి ఎంతో నాకు తెలుసు.

"ఉండాయప్పా, కొన్ని" అన్నాను.